పిట్ట ముట్టని మధ్యాహ్నం

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. గాంధారి దాటాక ఒక గుట్ట వెనక నిలబడి డ్రోన్ ఎగరేశాను. గుట్ట కింద పెద్ద బండ మీద కొందరు మనుషులు కూర్చుని ఉన్నారు. నేను తీయదలచుకున్న బొమ్మకు వాళ్ళు అడ్డం వచ్చారు. కాస్త కిందికి దించితే ఆ రొదకు విసిగి లేచిపోతారనుకున్నాను. దించాను. లేవలేదు. ఇంకాస్త దించాను. వాళ్ళెవరో, మిట్టమధ్యాహ్నం ఆ బండ మీద ఎందుకు కూర్చున్నారో కనుక్కోవాలని తోచలేదు. అరవై దాటిన మనిషిని. తోచవలసిన వయసే.

అక్కడికి ఎందుకు వెళ్ళానో కూడా చెప్పాలి. మా తెనాలిలో పది పన్నెండు మందిమి నెలకో ఆదివారం గ్రంథాలయం పై గదిలో కలుస్తాం. వేల ఏళ్ళ కిందట వేరే లోకాల వాళ్ళు భూమి మీదికి దిగి, మన పూర్వీకులకు రాయి తొలచడం, చుక్కల లెక్క నేర్పి వెళ్ళారని మా నమ్మకం. కరెంటు ఆఫీసు నుంచి రిటైరయ్యాక నాకు పట్టుకున్న వ్యాపకం ఇది. తెర మీద ఫొటోలు వేసి ప్రసంగాలు చేసేవాణ్ణి. కామారెడ్డి దగ్గర ఒక బండ మీద గుండ్రటి గుంతలున్నాయనీ, అవి సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయనీ ఎవరో పంపిన ఫొటో చూసి బయల్దేరాను. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ దగ్గర కొన్న పాత డ్రోన్ ఒకటి నా సంచిలో ఉంది.

కామారెడ్డి

పొద్దున దిగేసరికి సన్నగా జల్లు. ఆకాశం మూసుకుపోయి ఉంది. స్టేషన్ బయట ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాను. మా వైపు ఇడ్లీకి అల్లం పచ్చడి, కారప్పొడి, నెయ్యి లేకపోతే కోపాలొస్తాయి. ఇక్కడ పల్చటి పల్లీ చట్నీలో ఇడ్లీ మునిగిపోయేలా పోస్తారు. తిన్నాక నాకూ అదే బాగుందనిపించింది. ప్లేటు ముప్పై రూపాయలు. చాయ్ చిన్న గ్లాసులో, చిక్కగా, పాకమంత తీపి.

హోటలాయన నా సంచి చూసి ఎవరింటికి వచ్చానని అడిగాడు. ఎవరింటికీ కాదు, రాళ్ళు చూడటానికి వచ్చానన్నాను. గ్రానైటు వ్యాపారమా అన్నాడు. కాదన్నాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. పక్క బల్ల మీద దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన కుర్రాళ్ళిద్దరు, తిరుగు టికెట్టు గురించి నీరసంగా మాట్లాడుకుంటున్నారు. ఒకడు ఇడ్లీ సగం వదిలేశాడు.

మక్కలు ఆరబోసిన రోడ్డు

గాంధారి వైపు తీసుకెళ్ళిన ఆటో అతని పేరు యాదగిరి. నలభై ఏళ్ళుంటాయి. నోరు మంచిది, నాలుక పదును. సదాశివనగర్ వైపు దారి దాటాక రోడ్డులో సగం మక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. జల్లు పడటంతో ఆడవాళ్ళు పట్టాలు పట్టుకుని పరుగెత్తి కప్పుతున్నారు. మా వైపు రోడ్డు మీద ధాన్యం పోస్తే బండ్లవాళ్ళు తిట్టుకుంటారు. ఇక్కడ లారీ కూడా పక్కకు తప్పుకుని మెల్లగా పోయింది.

దారిలో ఒక తండా దగ్గర కాల్చిన మక్కకంకులు కొన్నాం. ఒకటి ఇరవై. నిమ్మకాయ ముక్కతో ఉప్పూ కారం రుద్ది ఇచ్చింది ఒక లంబాడీ అవ్వ. అది కొరుకుతూ నేను యాదగిరికి నా సిద్ధాంతం మొదలుపెట్టాను. ఆకాశం నుంచి దిగినవాళ్ళు, రాతిలో చెక్కిన చుక్కల పటం, మనిషి చేతికి సాధ్యం కాని పని, అన్నీ చెప్పాను. అతను అడ్డు చెప్పకుండా విన్నాడు. విని అన్నాడు:

"గంత దూరంకెల్లి వచ్చి రాయికి బొక్కలు పెట్టి పోయిండ్రా సార్? ఇంకేం పని లేకుండెనా వాళ్ళకు?"

అదొక పటమని మళ్ళీ చెప్పాను.

"మా తాతైతే పాండవులు పచ్చీసు ఆడిన బండ అనేటోడు. మీరు వేరే లోకపోళ్ళు అంటున్నరు. మొత్తానికి మా ఊరోళ్ళు చేసిండ్రంటే మాత్రం ఎవ్వరు ఒప్పుకోరు," అని నవ్వి గేరు మార్చాడు.

నేను నవ్వలేదు. పల్లెటూరివాడికి ఇంతకన్నా ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ మాట కూడా ఇక్కడ రాయాలి కనక రాస్తున్నాను.

గుట్ట

ఆ ఊరి పేరు రాయను. రోడ్డు నుంచి అర కిలోమీటరు లోపలికి గుట్ట. దాని కింద వాగు, వాగు ఒడ్డున పొడవాటి నల్లబండ. యాదగిరి నన్ను రోడ్డు మీద దింపి, గాంధారిలో పని చూసుకుని వస్తానని వెళ్ళాడు. నేను గుట్ట అవతలి పక్క నుంచి ఎక్కాను. బోర్లించిన గంగాళాల్లాంటి రాళ్ళు, వాటి మధ్య తుప్పలు. చెప్పు తెగింది. దాన్ని తాడుతో కట్టుకుని, వీడియో నొక్కి డ్రోన్ పైకి పంపాను.

ఫోను తెర మీద బండ కనిపించింది. గుంతలున్నాయి. జల్లుకు నీళ్ళు నిండి మెరుస్తున్నాయి. లెక్కపెడితే ఏడు కనిపించాయి. మళ్ళీ లెక్కపెట్టాను, ఏడే. కానీ వాటి పక్కనే మనుషులు. ముందు విస్తరాకులు. వనభోజనాలకు ఇంతకన్నా చోటు దొరకలేదా అని విసుక్కున్నాను. అప్పుడే దించాను. వాళ్ళలో ఒకరిద్దరు తల పైకెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు. చివరికి వాళ్ళను తప్పించి వంకరగా కొన్ని ఫొటోలు తీసుకుని, బ్యాటరీ అయిపోవస్తుంటే వెనక్కి పిలిచాను. బండ దగ్గరికి దిగి వెళ్ళలేదు. చెప్పు తెగింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఎల్లారెడ్డి

సాయంత్రం ఎల్లారెడ్డి చేరి లాడ్జిలో సంచి పడేసి, బస్టాండు దగ్గర ఒక మెస్సులో కూర్చున్నాను. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు. పచ్చిపులుసు మా చారుకు దూరపు చుట్టం. పొయ్యి ఎక్కదు, ఉల్లిపాయ పచ్చిగానే తేలుతుంది. భోజనం ఎనభై. మెస్సు నడిపే ఆవిడే వడ్డిస్తోంది. తింటూ ఎడమచేత్తో ఫోనులో వీడియో చూస్తున్నాను. రొట్టె వేయడానికి వచ్చినావిడ అలాగే ఆగిపోయింది.

"గిది మా తల్లిగారి ఊరు గదా సార్. పిట్టకు పెట్టిండ్రు. గా సాయిలుకు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది. సాయిలు అనే అతను, నలభై లోపే, పొలంలో మోటారు వేయబోయి గుండె ఆగి పడిపోయాడట. ఈ రోజు మూడో నాడు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా కూర్చుంటారు. పిట్ట అంటే కాకి. అది ముడితే పోయినవాడు తృప్తి పడ్డట్టు.

మా వైపూ ఉంది ఈ ఆచారం. మావి అన్నం పిండాలు, అంతే తేడా. ఇక్కడ మాంసం, కల్లు, అతను తాగే బీడీ కట్టతో సహా పెడతారు. మా నాన్నగారు పోయినప్పుడు డాబా గోడ మీద పిండం పెట్టి, ఒక్క కాకి కోసం మేమంతా ఎండలో ఎలా చూశామో నాకు బాగా గుర్తుంది. తెలియని ఆచారం కాదు. తెలిసీ తెర మీద గుర్తుపట్టలేదు.

పిట్ట ముట్టిందా అని అడిగాను.

"లేదంట సార్. పొద్దు గుంకేదాకా కూసున్నరంట. ఇగ ఆవుకు పెట్టి వచ్చిండ్రంట. మా తమ్ముడు ఫోన్ల చెప్పిండు. పాపం గా పిల్ల సవిత పని అయిపోయింది."

సవిత సాయిలు భార్య. పోయిన రోజు పొద్దున ఇద్దరికీ ఏదో మాటా మాటా పెరిగి, అతను తినకుండా పొలానికి పోయాడట. మళ్ళీ రాలేదు. ఇప్పుడు పిట్ట కూడా ముట్టకపోయేసరికి, ఆమె చేతి కూడు నా కొడుకు చచ్చినా ముట్టడని అత్త రాజవ్వ అందరి ముందూ అనేసిందట. ఇంట్లో వంటగది గడప తొక్కనివ్వడం లేదట. తల్లిగారి వాళ్ళు వచ్చి దినాలు కాకముందే పిల్లను తీసుకుపోతామని కూర్చున్నారట.

నేను వీడియో మళ్ళీ మొదటి నుంచీ చూశాను. ఒక మనిషి చేతులు జోడించి విస్తరికి మొక్కుతోంది. ఇంకో మనిషి ఆమెను భుజం పట్టి వెనక్కి లాగుతోంది. చెట్టు మీది నుంచి నల్లగా ఏవో లేచి చెదిరిపోతున్నాయి. అదంతా నేను చూసిందే, నా డ్రోన్ కింద జరిగిందే.

రొట్టె సగంలో వదిలేస్తే ఆవిడ బాగాలేదా అని అడిగింది. బాగుందనే చెప్పాను.

షామియానా కింద

మర్నాడు పొద్దున యాదగిరిని పిలిపించి ఆ ఊరు వెళ్ళాను. దారిలో అతనికి సంగతంతా చెప్పాను. ఊరు వచ్చాక ఒకటే అన్నాడు, చెప్పకపోతే ఎవరికీ తెలియదు సార్ అని. అది నిజమే. అతను అనకముందే, రాత్రంతా నేనూ అదే అనుకుంటూ ఉన్నాను.

ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. మగవాళ్ళు ఒక పక్క, సవిత పుట్టింటి వాళ్ళు ఇంకో పక్క. ఆమె గోడకు ఆనుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చుని ఉంది. సాయిలు వాళ్ళ అన్న నర్సింలు నాకు కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. నిన్న ఆ డ్రోన్ నాదేనని చెప్పాను.

"మందు కొట్టే డ్రోన్ అనుకున్నం," అన్నాడు నర్సింలు. "మీదా? ఏం పని మీకాడ?"

బండ మీది గుంతల ఫొటో కోసమని, మీరు అడ్డమున్నారని, లేచిపోతారని కావాలనే దించానని చెప్పాను. కావాలనే అన్న మాట దగ్గర అతను లేచాడు.

"మా తమ్ముడు సచ్చి మేం ఆడ కూసుంటే, నువ్వు మమ్మల్ని లేపనీకి చూసినవా?"

అప్పటిదాకా ఉన్న మీరు పోయింది. పోవలసిందే. ఎవరో అతన్ని పట్టుకుని కూర్చోబెట్టారు. లోపలి నుంచి రాజవ్వ వచ్చింది. చిన్న మనిషి, నడుం వంగింది. అంతా విని, నా మిషను పోయాక కూడా ఎంతోసేపు కూర్చున్నామని, అప్పుడైనా పిట్ట రావాలి కదా అని అడిగింది. బెదిరిన కాకులు ఆ చోటికి అంత తొందరగా రావని చెప్పాను. నాకు చూపించు అంది.

వీడియో పెట్టాను. చుట్టూ మూగారు. డ్రోన్ దిగడం మొదలైనప్పుడు విస్తరికి ఒక పక్కన నల్లటి చుక్క. డ్రోన్ దిగుతున్న కొద్దీ ఆ చుక్క కదిలి, ఒక్కసారిగా బొమ్మ అంచు దాటిపోయింది. రాజవ్వ మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను. ఇంకోసారి పెట్టమంది.

"ఇది పిట్టేనా?"

సవిత అప్పుడు మొదటిసారి తలెత్తింది.

ఇలాంటి చుక్కల్నే ఇన్నేళ్ళూ తెర మీద వేసి, ఇది ఆకాశ వాహనం, ఇందులో అనుమానమే లేదు అని చెప్పినవాణ్ణి నేను. ఎప్పుడూ గొంతు వణకలేదు. ఇప్పుడు ఔను, కాకే అని ఒక్క మాట అంటే ఆ గోడ దగ్గరున్న మనిషికి మేలు జరుగుతుంది. అనాలనే నోరు తెరిచాను. కానీ అదే నోటితో ఇంకో అబద్ధం చెప్పి తప్పు దిద్దుకోవడం నా వల్ల కాలేదు.

"కాకిలాగే ఉందమ్మా. ఒట్టు వేసి చెప్పలేను. దించింది మాత్రం నేనే. మీ కోడలి తప్పేమీ లేదు."

రాజవ్వ ఫోను నా చేతికి ఇచ్చేసింది. గోడ దగ్గర నుంచి సవిత మాట్లాడింది, నా వైపు చూడకుండా.

"ఆయన కంచం ముందట నుంచే లేచిపోయిండు సార్. పప్పు ఏసిన, అన్నం కలిపిండు గూడ. నేనే ఒక మాట ఎక్కువ అన్న. మీ మిషిన్ లేకున్నా ముట్టకపోవునేమో."

పుట్టింటి వాళ్ళలో ఒక ముసలాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె మీద ఇతరులు వేసిన నింద అనుకుని దాన్ని తీసేద్దామని వెళ్ళాను నేను. ఆమె దాన్ని తనదే చేసుకుని ఉంది.

చివరికి రాజవ్వ రేపు ఐదొద్దులు, అంటే ఐదో నాడు, మళ్ళీ పెడదామంది. వంట ఎవరు చేస్తారని నర్సింలు అడిగాడు.

"ఎవరు వండితే వాడు తింటుండెనో ఆమెనే వండాలె," అంది రాజవ్వ. సవిత వైపు చూడలేదు. నా వైపు తిరిగింది. "సారూ, నువ్వు ఆ దిక్కు రాకు."

రానన్నాను. రోడ్డు మీద నిలబడి బండ్లూ, మందలూ ఆ వైపు రాకుండా చూస్తానన్నాను. ఆమె సరే అనలేదు, వద్దనీ అనలేదు.

మళ్ళీ ఎల్లారెడ్డి

లాడ్జికి వచ్చి తెనాలికి ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం నా ప్రసంగం ఉండదని, ఫొటోలు కూడా ఉండవని మా కార్యదర్శికి చెప్పాను. గుంతలు లేవా అని ఆయన కంగారుపడ్డాడు. ఉన్నాయి, మనుషులు చేసినవేనని అనుకుంటున్నానన్నాను. ఋజువేమిటని అడిగాడు. మనం ఇన్నాళ్ళూ ఏ ఋజువు చూపించామని అడిగితే ఆయనకు కోపం వచ్చింది. రెండు వేల కిలోల బండను మనుషులు ఎత్తగలరా అని వాదనలోకి దిగాడు. నేను వాదించలేదు. ఎప్పుడో ఆ వాగు ఒడ్డున కూడా మనుషులుండేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళలోనూ ఎవరో పోయేవాళ్ళు, ఆ బండ దగ్గర కూర్చునేవాళ్ళు. ఆ పని వాళ్ళ చేతుల్లోంచి తీసి ఆకాశానికి ఇచ్చేశాం మనం. ఇదంతా ఫోనులో చెప్పలేక, వచ్చాక మాట్లాడతానని పెట్టేశాను. వీడియో మాత్రం నర్సింలు ఫోనుకు పంపి నా దగ్గర తీసేశాను. అది వాళ్ళది.

వాన లేకపోయినా ఆ సాయంత్రం వెలుతురు లేదు. మెస్సు ఆవిడ ఏమైందని అడిగితే చెప్పాను. ఆవిడ పచ్చిపులుసు మళ్ళీ పోసి, పిట్టల మనసు ఎవరికి తెలుసు సార్ అంది.

రోడ్డు మీద

ఐదొద్దుల పొద్దున వాగు దారి రోడ్డును కలిసే చోట నిలబడ్డాను. యాదగిరి తన ఆటోను దూరంగా ఆపి, ఇంకో పక్క తను నిలబడ్డాడు. అడగకుండానే వచ్చాడు. గొర్రెల మందను అటు తిప్పించాడు. పక్క చేనులో ఒక రైతు మందు కొట్టే యంత్రం వీపుకు కట్టుకుంటుంటే వెళ్ళి బతిమాలాను. సాయిలుకు పెడుతున్నారని చెప్పేసరికి ఆయన యంత్రం దింపేసి, "మాపటికి కొడతలే," అన్నాడు. సాయిలూ తనూ ఒకే బడి అట.

వాళ్ళు గంపలు ఎత్తుకుని మా ముందు నుంచే వెళ్ళారు. సవిత తల మీద ఒక గంప ఉంది. ఎవరూ నన్ను పలకరించలేదు. గుట్ట మలుపులో కనిపించకుండా పోయారు. ఆ తర్వాత అక్కడేం జరిగిందో నాకు కనబడలేదు. వినబడనూ లేదు. చెట్ల మీద కాకులున్నాయా లేవా అని కూడా చూడలేదు. చూస్తే మళ్ళీ ఏదో ఒకటి ఊహించుకుంటానని భయం.

ఎండ వచ్చింది, పోయింది. చాలాసేపటికి నర్సింలు విస్తట్లో అన్నం పట్టుకుని వచ్చాడు. నా చేతికి ఇచ్చాడు. పప్పు, నాలుగు మాంసం ముక్కలు.

"ముట్టింది సార్," అన్నాడు.

సంతోషంగా అనలేదు. అలసిపోయిన మనిషి గొంతు. ఆమె ఎలా ఉందని అడిగాను.

"ఏడ్వలేదు, ఏం లేదు. గట్లనే కూసున్నది. తమ్ముడు పోయిన కాడికెల్లి చాయ్ తప్ప ఏం ముట్టలే. ఇప్పుడు మా అమ్మ ముద్దలు చేసి నోట్ల పెడుతున్నది."

అతను వెనక్కి తిరిగి గుట్ట వైపు నడిచాడు. నేను విస్తరి కిలోమీటరు రాయి మీద పెట్టి ఒక ముద్ద కలిపాను. దేవుడికీ పోయినవాళ్ళకూ పెట్టేది రుచి చూడరు కదా, పప్పులో ఉప్పు లేదు. రెండో ముద్ద కలుపుతుంటే గాంధారి వైపు నుంచి ఒక మోటారు సైకిలు పాటలు పెట్టుకుని వస్తోంది. పిట్ట ముట్టేసింది, ఇంక నా పని లేదు. అయినా ఎంగిలి చేయి వెనక్కి పెట్టుకుని రోడ్డు మధ్యకు వెళ్ళాను. కింద వాళ్ళింకా తింటున్నారు బాబూ, కాస్త మెల్లగా పొమ్మని చెప్పాను.